జమా ఖర్చులు: మనసు వైద్యానికి చేతి సొమ్ము

హుబ్బళ్ళి నుంచి ఒక సోదరి వ్రాసిన జాబుకు ఈ నెల శీర్షిక అంతా కేటాయిస్తున్నాను. పేరూ, పేటా తీసివేసి విషయం మాత్రం చెబుతాను. ఆమె కుమార్తె డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నది. ఎనిమిది నెలలుగా రాత్రిళ్ళు నిద్ర లేదు, పగలు మాట లేదు, కాలేజీకి వెళ్ళడం సగం మానివేసింది. డాక్టరుగారు చూసి, మందుతోబాటు వారానికొకసారి మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని మాట్లాడడం అవసరమని వ్రాసి ఇచ్చారు. ఒక్కొక్కసారికి రూ. 1,200. తండ్రిగారి ఆఫీసులో ఇంటిల్లిపాదికీ మెడిక్లెయిము ఉన్నది. "అయినా మా వారు ఆ కాగితాల జోలికే పోవద్దంటున్నారు. ఆఫీసులో తెలిస్తే నలుగురి నోటా పడుతుంది, రేపు పిల్లకు సంబంధాలు రావు, చేతి డబ్బే పెట్టుకుందాం అంటారు. అమెరికాలో ఉన్న మా మరిది కూడా ఫోనులో అదే మాట చెప్పాడు. ఎంతకాలం పెట్టగలమో నాకు తెలియడం లేదు. మీ లెక్క ఏమిటి?" అని అడిగారు.

నేను వైద్యుణ్ణి కాను, వకీలునూ కాను. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయి, బెంగుళూరులో ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తాగిరీ చేసుకుంటున్నవాణ్ణి. అయితే ఈ విషయంలో మాట్లాడడానికి నాకొక అర్హత ఉన్నదనుకుంటాను. మా సిబ్బంది ఇన్సూరెన్సు కాగితాలు పదిహేనేళ్ళుగా నా బల్లమీదుగానే పోతున్నవి. ఆ సోదరి భర్తగారు భయపడుతున్నది ఎవరిని చూసి? పెద్ద మేనేజరును చూసి కాదు, నా వంటి గుమాస్తాను చూసి. కాబట్టి గుమాస్తాకు ఏమి కనిపిస్తుంది, ఏమి కనిపించదు, ఏ ఖర్చు ఎవరు భరిస్తారు అన్నది గుమాస్తా నోటనే వినడం మంచిది.

ముందు అమెరికా మరిదిగారి సలహా సంగతి చూద్దాం. ఆయన చెప్పింది ఆయన ఊరికి తగిన మాటే. అక్కడి ఇన్సూరెన్సులు ఇటువంటి మాటల వైద్యానికి కూడా డబ్బు ఇస్తవి. కాని ఊరికే ఇవ్వవు. వచ్చిన మనిషికి ఫలానా జబ్బు అని ఒక పేరు పెట్టి, ఆ జబ్బుకు ఉన్న అంకె వేసి పంపితే గాని బిల్లు ముందుకు కదలదు. ఇన్నిసార్లు చాలునా, ఇంకా కావాలా అని కంపెనీ అడగవచ్చును కూడా. అందుచేత అక్కడ కొందరు ఇన్సూరెన్సు ఉండి కూడా, పేరూ వద్దు, అంకె వద్దు అని తమ డబ్బే ఇచ్చుకుంటారు. వచ్చే సొమ్మును వదులుకుని గుట్టు కొనుక్కుంటారన్నమాట. ఆ బేరం వారికి గిట్టుబాటో కాదో వారే చూసుకుంటారు.

మన దేశంలో సంగతి వేరు. ఇక్కడి మామూలు మెడిక్లెయిము ఆస్పత్రిలో మంచం పట్టిన రోగానికి పుట్టింది. కొన్ని చిన్న ఆపరేషన్లను మినహాయిస్తే, రోగి కనీసం 24 గంటలు ఆస్పత్రిలో చేరి ఉండాలి. చేరడానికి ముందు 30 రోజులు, ఇంటికి వచ్చిన తరువాత 60 రోజులు అదే జబ్బుకు అయిన ఖర్చును చాలా పాలసీలు కలుపుకుంటవి. వారానికొకసారి వెళ్ళి గంటసేపు మాట్లాడి ఇంటికి వచ్చే వైద్యం ఆ లెక్కలోకి రాదు. జ్వరానికి వీధి డాక్టరుకు ఇచ్చిన ఫీజు ఎలా రాదో ఇదీ అలాగే రాదు. మనసు జబ్బు అని కాదు, మంచం లేదని. ఈ భేదం చాలామందికి తెలియక, మనసు జబ్బులకు ఇన్సూరెన్సే లేదని తీర్మానించుకుంటున్నారు.

నిజానికి ఉన్నది. 2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. అందులో 21వ సెక్షను నాలుగవ ఉపసెక్షను ప్రకారం, ప్రతి ఇన్సూరెన్సు కంపెనీ శరీరపు జబ్బులకు ఏ పద్ధతిన వైద్య బీమా ఇస్తున్నదో మానసిక జబ్బులకూ అదే పద్ధతిన ఇవ్వాలి. ఆ సంవత్సరం ఆగస్టులోనే ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ కంపెనీలకు సర్క్యులరు పంపింది. అయినా పాత పాలసీలలోని "మానసిక వ్యాధులు మినహా" అన్న ముక్క పట్టుకుని కొన్ని క్లెయిములు త్రోసివేశారు. అటువంటి ఒక వ్యాజ్యంలో 2021 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు, చట్టం అమలైన నాటినుంచే కంపెనీలు దానికి కట్టుబడాలని తీర్పు చెప్పింది. తరువాత 2022 అక్టోబరు 31 లోగా అన్ని పాలసీలనూ సవరించి తీరాలని నియంత్రణ సంస్థ గడువు పెట్టింది. కాబట్టి ఇంట్లో ఎవరినైనా ఈ జబ్బుతో ఆస్పత్రిలో చేర్చవలసివస్తే, "మాకు రాదులే" అని ఊరుకోనక్కరలేదు. వస్తుంది, అడగాలి. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఇన్సూరెన్సు కంపెనీ అమ్మ కూడా కాదు.

ఇక గుట్టు సంగతి. మా ఆఫీసు పద్ధతి చెబుతాను, చాలా ఆఫీసులలో ఇంచుమించు ఇంతే. ఆస్పత్రివారు డబ్బు అడగకుండా నేరుగా కంపెనీతో తేల్చుకునే పద్ధతిలో, అంటే క్యాష్‌లెస్సులో, జబ్బు వివరాలు ఆస్పత్రినుంచి టీపీఏ అనే మధ్య ఆఫీసుకు పోతవి. మా దాకా రానక్కరలేదు. సంవత్సరాంతాన ప్రీమియము లెక్క వచ్చినప్పుడు ఎంతమందికి ఎంత పోయిందో చూస్తాము. ముందుగా మనమే డబ్బు కట్టి తరువాత రాబట్టుకునే పద్ధతిలో కొన్ని ఆఫీసులు కాగితాలు తమ ద్వారా పంపమంటవి. అక్కడ గుమాస్తా చూస్తాడు. చూడకూడదనుకుంటే టీపీఏకు నేరుగా పంపవచ్చునా అని అడగవచ్చును. మా ఆఫీసులో అలా అడిగినవారికి చిరునామా ఇచ్చి నేను తప్పుకుంటాను. లేదా కవరుకు లక్క వేసి ఇవ్వవచ్చును. వైద్యం చేసేవారు రోగి వివరాలు బయటపెట్టరాదని పైన చెప్పిన చట్టమే 23వ సెక్షనులో చెబుతున్నది. గుమాస్తాలందరూ నోరు మూసుకునేవారని నేను పూచీపడను. కాని ఆఫీసులో చాటింపు వేసినట్లు తెలిసిపోతుందన్న భయం, ఉన్నదానికన్నా పెద్దదిగా ఊహించుకున్న భయం.

ఆ భయానికి ఎంత ధర పలుకుతుందో మా స్టోర్సు విభాగంలో ఒకాయన విషయంలో చూశాను. వాళ్ళు మన తెలుగువాళ్ళే, మూడు తరాలుగా మాగడి రోడ్డు ప్రాంతంలో ఉన్నారు. కుమారుడు రెండవ పి.యు.సి.లో ఉండగా గదిలోనుంచి బయటకు రావడం మానివేశాడు. తండ్రి మంచి నిపుణుడి దగ్గరికే తీసుకుపోయాడు. వారానికి రూ. 1,500 చొప్పున నెలకు రూ. 6,000. ఆయన జీతం రూ. 26,000. ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా చెప్పలేదు. ఓవర్‌టైము చేశాడు, చీటీ పాడాడు. అయిదు నెలలకు రూ. 30,000 అయింది. పిల్లవాడు కాస్త కోలుకుని అన్నం తినడం, చెల్లెలితో మాట్లాడడం మొదలుపెట్టాడు. అక్కడ డబ్బు అయిపోయింది. "ఇక బాగానే ఉన్నాడు గదా" అని మాన్పించారు. మందులూ తగ్గించారు. మూడు నెలలు తిరక్కుండానే ముదిరి, తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంచవలసి వచ్చింది. బిల్లు రూ. 58,000. అప్పుడైనా ఇన్సూరెన్సు కార్డు జేబులోనుంచి తీయలేదు. భార్య మెడలో గొలుసు మార్వాడీ కొట్టుకు వెళ్ళింది.

నలభై రోజుల తరువాత జీతం మీద అడ్వాన్సు కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు విషయం బయటపడింది. క్లెయిము పెట్టే గడువు దాటిపోయింది. అయితే గడువు దాటిందన్న ఒక్క కారణంతో న్యాయమైన క్లెయిమును త్రోసివేయరాదని నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు చెప్పి ఉన్నది. ఆలస్యానికి కారణం వివరిస్తూ ఉత్తరం వ్రాయించి పెట్టాము. రెండుసార్లు ప్రశ్నలు వేసి, చివరకు రూ. 49,000 మంజూరు చేశారు. గొలుసు తిరిగి వచ్చింది. పిల్లవాడికి పోయిన సంవత్సరం తిరిగి రాలేదు. ఈ ఏడు మళ్ళీ పరీక్షకు కట్టాడు. ఆయన అనుమతితోనే ఇది వ్రాస్తున్నాను. "ఎవరికైనా పనికి వస్తే వ్రాయండి సార్" అన్నాడు.

ఆయన చేతి డబ్బు పెట్టడం తప్పు కాదు. మాటల వైద్యానికి ఆయన పాలసీ ఎలాగూ ఇవ్వదు. నష్టం జరిగింది రెండు చోట్ల. ఎన్నాళ్ళు పెట్టవలసి వస్తుందో ముందు అడగకుండా మొదలుపెట్టడం ఒకటి. ఇన్సూరెన్సు ఇచ్చే ఖర్చును కూడా గుట్టు కోసం తానే నెత్తిన వేసుకోవడం రెండవది. లెక్క వేసి పెట్టిన చేతి సొమ్ము వైద్యం అవుతుంది. దాచడం కోసం పెట్టిన చేతి సొమ్ము, అది ఉన్నంతవరకే వైద్యం.

కాబట్టి హుబ్బళ్ళి సోదరిగారి లెక్క ఇలా వేద్దాం. దిగులు, ఆందోళన వంటి సామాన్యమైన బాధలకు ఈ మాటల వైద్యం తరచు 12 నుంచి 20 సార్ల దాకా సాగుతుంది. మనిషిని బట్టి ఎక్కువా కావచ్చు, తక్కువా కావచ్చు. మొదటిసారి వెళ్ళినప్పుడే "సుమారు ఎన్నిసార్లు పట్టవచ్చునండీ?" అని అడగాలి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఇరవైసార్లనుకుంటే రూ. 24,000. మొదటి మూడు నెలలూ వారానికొకటి చొప్పున 12 సార్లకు రూ. 14,400 అంటే నెలకు రూ. 4,800. తరువాత నిపుణురాలు సరేనంటే పక్షానికొకసారి చొప్పున నాలుగు నెలలలో 8 సార్లకు రూ. 9,600 అంటే నెలకు రూ. 2,400. ఏడు నెలల ఖర్చు కళ్ళ ముందు కనిపిస్తుంది. నెలకు రూ. 4,800 మీ ఇంట సాగదనుకుంటే, ఆ మాట మొదటిరోజే ఆమెకు చెప్పండి. ఫీజు తగ్గించేవారున్నారు, తక్కువ ఫీజుకు చూసే శిష్యుల దగ్గరికి పంపేవారున్నారు, ప్రభుత్వ ఆస్పత్రికి చీటీ వ్రాసి ఇచ్చేవారూ ఉన్నారు. చెప్పకుండా మధ్యలో మాయమైపోతే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇల్లు కట్టేటప్పుడు పునాదికే డబ్బు ఉన్నదని తెలిస్తే పునాది వేసి ఆగుతాము. గోడలు సగం లేపి వానలో వదిలిపెట్టము. ఇదీ అంతే.

ఇన్సూరెన్సు వైపు నుంచి కూడా రెండు విషయాలు కనుక్కోవాలి. ఒకటి, కొన్ని ఆఫీసుల గ్రూపు పాలసీలలో అవుట్ పేషెంటు ఖర్చుకు సంవత్సరానికి ఇంత అని వేరే పద్దు ఉంటుంది. దానిలో మానసిక వైద్యుని ఫీజు, మందులు రావచ్చును. నిపుణురాలి ఫీజు వస్తుందా రాదా అన్నది పాలసీ కాగితంలో చూడాలి. రెండవది, కొన్ని కంపెనీలు సిబ్బందికీ వారి కుటుంబాలకూ బయటి సంస్థ ద్వారా కొన్నిసార్లు ఉచితంగా కౌన్సెలింగు ఏర్పాటు చేస్తవి. అవి పేర్లు ఆఫీసుకు చెప్పకుండా, ఎంతమంది వాడుకున్నారన్న అంకె మాత్రమే పంపే పద్ధతిలో నడుస్తవి. నోటీసు బోర్డు మీద ఆ కాగితం నెలల తరబడి వ్రేలాడుతూ ఉంటుంది, ఎవరూ చదవరు. భర్తగారు పేరు చెప్పకుండానే "మన పాలసీ కాపీ ఒకటి ఇవ్వండి" అని అడగవచ్చును. పాలసీ కాపీ అడిగినవాడికి ఏ జబ్బున్నదో గుమాస్తాకు ఎలా తెలుస్తుంది?

నెలజీతం తక్కువగా ఉండి ఇ.ఎస్.ఐ. కోతపడే కుటుంబాలకు ఒక మాట. 2017లో ఆ జీతపు హద్దును రూ. 21,000 చేశారు. ఇ.ఎస్.ఐ. వారికి మంచం పట్టితేనే వైద్యమన్న నిబంధన లేదు. డిస్పెన్సరీలో చూపించుకోవచ్చు, అక్కడినుంచి పెద్ద ఆస్పత్రికి వ్రాయించుకోవచ్చు, కుటుంబానికీ వర్తిస్తుంది. స్కిజోఫ్రీనియా వంటి దీర్ఘకాలపు జబ్బు ఉద్యోగికే వస్తే, షరతులకు లోబడి జీతంలో నూటికి 80 వంతులు చాలాకాలం ఇచ్చే ఏర్పాటు కూడా ఉన్నది. నెలనెలా డబ్బు కోయించుకుంటూ, అవసరం వచ్చినప్పుడు ఆ గుమ్మం తొక్కనివారు మనలో ఎందరో.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. చేతి డబ్బు ఇచ్చి వైద్యం చేయించుకుంటే ఎక్కడా రికార్డు ఉండదు, కాబట్టి రేపు సొంత పాలసీ తీసుకునేటప్పుడు చెప్పనక్కరలేదు అని చాలామంది అనుకుంటారు. ఇది పెద్ద పొరపాటు. ప్రపోజల్ ఫారములో "మీకు గాని కుటుంబసభ్యులకు గాని ఫలానా జబ్బులకు వైద్యం జరిగిందా?" అని అడుగుతారే తప్ప, దానికి డబ్బు ఎవరిచ్చారని అడగరు. డబ్బు ఎవరి జేబులోనిదైనా వైద్యం వైద్యమే. మీ చేతి సొమ్ము మీ రహస్యాన్ని పక్క బల్ల గుమాస్తా దగ్గర దాచగలదు గాని, మీరు సంతకం పెట్టే ఫారము దగ్గర దాచలేదు. పాలసీ తీసుకోవడానికి ముందు 36 నెలలలో ఉన్నట్లు డాక్టరు తేల్చిన జబ్బును, లేదా వైద్యం జరిగిన జబ్బును "ముందునుంచి ఉన్న జబ్బు" అంటారు. 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం, నిజం చెప్పినవారికి అటువంటి జబ్బు విషయంలో గరిష్ఠంగా మూడేళ్ళు ఆగమనవచ్చు. అంతకు ముందు నాలుగేళ్ళ దాకా ఆగమనేవారు. అదే, దాచిపెట్టినవారికి అవసరం వచ్చిననాడు క్లెయిము త్రోసివేసి, పాలసీయే రద్దు చేసే అధికారం కంపెనీకి దొరుకుతుంది. అయిదేళ్ళు వరుసగా పాలసీ నడిచిన తరువాత, మోసమని రుజువైతే తప్ప, దాచారన్న నెపంతో క్లెయిము కాదనడానికి వీలులేదు. అయితే అయిదేళ్ళు ఊపిరి బిగబట్టుకుని ఉండడంకన్నా మూడేళ్ళు నిశ్చింతగా ఆగడం మేలు గదా.

ఆఫీసు గ్రూపు పాలసీలలో చాలావాటికి ఈ ప్రశ్నలు, ఆగడాలు ఉండవు. మొదటిరోజునుంచే పాత జబ్బులనూ కలుపుకుంటవి. కనుక ఉద్యోగం ఉన్నంతకాలం ఆ కార్డును జాగ్రత్తగా వాడుకోవాలి. రిటైరు కావడానికి చాలా ముందే, నిజం వ్రాసి, చిన్నదో పెద్దదో సొంత పాలసీ ఒకటి మొదలుపెట్టాలి. ఆగవలసిన ఏళ్ళు ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతవి.

కంపెనీ అన్యాయంగా త్రోసివేసిందనుకుంటే ముందు ఆ కంపెనీకే వ్రాతమూలకంగా ఫిర్యాదు చేయాలి. నెలరోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిపడకపోయినా ఇన్సూరెన్సు ఆంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. బెంగుళూరు, చెన్నై, భువనేశ్వరం, ముంబై, పూనా, హైదరాబాదులలో వారి కార్యాలయాలున్నవి. అంటే మన పత్రిక వెళ్ళే ప్రాంతాలన్నిటికీ ఏదో ఒకటి అందుబాటులో ఉన్నట్లే.

చేతి సొమ్ముకూ, ఇన్సూరెన్సుకూ మధ్య మూడవ దారి ఒకటున్నది. దానిని మనవారు చిన్నచూపు చూస్తారు. అది ప్రభుత్వపు ఆస్పత్రి. బెంగుళూరులో నిమ్హాన్స్ ఉన్నది. దాని మూలం 1847నాటి పిచ్చాసుపత్రి. 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడి, 1974లో రెండూ కలిసి నేటి రూపం వచ్చింది. దేశం నలుమూలలనుంచీ వస్తారు. జనం ఎక్కువ, కూర్చోవాలి, నిజమే. కాని ఫీజు నామమాత్రం. మద్రాసులో కీల్పాకంలోని మానసిక ఆరోగ్య సంస్థ చరిత్ర 1794నుంచి మొదలవుతుంది. మహారాష్ట్రలో పూనా దగ్గర ఎరవాడలోనూ, ఠాణాలోనూ, ఒడిశాలో కటకంలోనూ ఇటువంటివి ఉన్నవి. యానాంవారికి కాకినాడ పెద్దాసుపత్రి దగ్గరే. బళ్ళారివారు గర్వంగా చెప్పుకోదగిన సంగతి ఇంకొకటున్నది. పెద్ద పట్నం ఆస్పత్రికి పరుగెత్తకుండా జిల్లాలోనే, చిన్న ఆస్పత్రులలోనే మనసు జబ్బులకు వైద్యం జరిపించవచ్చునని నిమ్హాన్స్ వారు 1980వ దశకంలో నిరూపించింది బళ్ళారి జిల్లాలోనే. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య పథకం మొదలయింది. కనుక మొదట జిల్లా ఆస్పత్రిలో విచారించండి.

ఫోను మీద కూడా సహాయం ఉన్నది. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నెంబరు 14416. ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చును. ఇంట్లో ఎవరైనా "ఇక బ్రతికి ఏం లాభం" అన్న ధోరణిలో మాట్లాడితే మాత్రం, చేతి డబ్బా, ఇన్సూరెన్సా అన్న ఆలోచనే పెట్టుకోవద్దు. మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే దగ్గరి ఆస్పత్రికి తీసుకుపోవాలి. లెక్కలు తరువాత.

తెలుగన్నాను గనుక, మనవంటి కుటుంబాలకు ప్రత్యేకమైన ఒక విషయం చెప్పాలి. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియానో చదువుతారు. బజారులో అదే మాట్లాడతారు. కాని అమ్మ మీద కోపం వచ్చినా, నాన్న పోయిన దుఃఖం వచ్చినా ఇంటిమాటే నోటికి వస్తుంది. అదీ గుంటూరు తెలుగు కాదు, మన మన ఊళ్ళ తెలుగు. మాటల వైద్యంలో మందు మాటే గదా. చేతి సొమ్ము పెట్టడంలో ఉన్న అసలైన లాభం ఇక్కడే. మనకు కావలసిన భాష తెలిసిన మనిషిని, ఆడవారైతే ఆడవారిని, మన పేట కాని పేటలో ఉన్నవారిని మనం ఏరుకోవచ్చును. గుట్టు కోసం కాకుండా ఇందుకోసం రూపాయి ఎక్కువైనా, అది దండగ ఖర్చు కాదు. అయితే పిల్లనే అడగండి, ఏ భాషలో మాట్లాడుకుంటావమ్మా అని. కొందరు పిల్లలకు ఇంటి భాషలో ఇంటి సంగతి చెప్పడమే కష్టం. వారికి కన్నడమో ఇంగ్లీషో సుఖంగా ఉంటుంది.

చేతి సొమ్ము ఇచ్చేటప్పుడు ఎవరికి ఇస్తున్నామో చూసుకోవాలి. కౌన్సెలరు అని బోర్డు కట్టుకున్నవారంతా ఒకటి కాదు. మందు వ్రాసేవారు సైకియాట్రిస్టు, అంటే ఎం.బి.బి.ఎస్. పైన మనోవ్యాధుల చదువు చదివిన డాక్టరు. మాటల వైద్యం చేసే క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ., రిజిస్టరు నెంబరు ఉంటుంది. అడిగితే చెబుతారు. చెప్పడానికి నసిగితే లేచి రావచ్చును. ప్రతిసారీ రసీదు తీసుకోండి. పేరు, నెంబరు, తేదీ, సొమ్ము ఉండాలి. మొదట డాక్టరు వ్రాసి ఇచ్చిన చీటీని దానితో కలిపి ఒక ఫైలులో పెట్టండి. అవుట్ పేషెంటు పద్దు ఉంటే ఈ రసీదులే పనికివస్తవి. ఆస్పత్రిలో చేర్చవలసి వస్తే ముందు 30 రోజుల ఖర్చు అడగడానికీ ఇవే ఆధారం. ఏదీ కాకపోయినా, డాక్టరును మార్చవలసివచ్చినప్పుడు ఇంతవరకు ఏమి జరిగిందో చెప్పడానికి ఆ ఫైలే నోరు. దాచుకోవడం వేరు, భద్రపరచుకోవడం వేరు.

ఇక పెళ్ళి మాట. హుబ్బళ్ళి సోదరిగారి భర్త భయపడింది ముఖ్యంగా దీనికే. మన సంఘం చిన్నది. ఒక ఊళ్ళో తుమ్మితే ఇంకో ఊళ్ళో చిరంజీవ అంటారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందన్న సామెత ఊరికే పుట్టలేదు. అందుకని వాకిట్లో చెప్పుకోమని నేననడం లేదు. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఆ పిల్ల ఇష్టం. కాని ఒక్కటి ఆలోచించండి. సంబంధం వెతికేనాటికి నిద్రపోయి, నవ్వుతూ, పరీక్ష ప్యాసయి, తన కాళ్ళమీద తాను నిలిచిన పిల్ల మంచిదా? ఎవరికీ తెలియకుండా సగంలో వైద్యం ఆగిపోయిన పిల్ల మంచిదా? మొదటి పిల్ల గుట్టును ఆమె ఆరోగ్యమే కాపాడుతుంది.

కాబట్టి సోదరీ, నా లెక్క ఇది. వారంవారం మాటల వైద్యానికి చేతి సొమ్మే పెట్టండి, మీ పాలసీలో వేరే పద్దు లేకపోతే అది ఎలాగూ మీదే. ఏడు నెలలకు రూ. 24,000 అని ఇప్పుడే ఒక పద్దు వ్రాసుకుని, అందులో మొదటి మూడు నెలల సొమ్ము పక్కన పెట్టి మొదలుపెట్టండి. మధ్యలో కొరత పడేటట్లుంటే నిపుణురాలికి ముందే చెప్పండి, జిల్లా ఆస్పత్రి దారి తెలుసుకుని ఉంచండి. ఆస్పత్రిలో చేర్చవలసిన అవసరం రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం కార్డు తీసి బల్లమీద పెట్టడానికి వెనుకాడవద్దు. మీ వారు ఏళ్ళ తరబడి చేసిన చాకిరీలో అదీ ఒక భాగమే, ఎవరి దానమూ కాదు. ఏ ఫారములోనూ అబద్ధం వ్రాయవద్దు. పిల్లకు నా ఆశీస్సులు తెలపండి. పరీక్షలు అయిన తరువాత వీలుంటే రెండు ముక్కలు వ్రాయండి, ప్రచురించడానికి కాదు, నాకు తెలియడానికి.

వచ్చే నెల: పెద్దవాళ్ళ పేర బ్యాంకులో ఉన్న డిపాజిట్లకు నామినీ వ్రాయించడం గురించి. ప్రశ్నలున్నవారు ఇరవైయవ తేదీలోగా పంపగోరుతాను.